ఊఁ అన్న కుండ

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, ఆ ఉయ్యాల కట్టాల్సిన దూలమేమో ఇంకా కొండ మీద చెట్టుగానే ఉన్నప్పుడు, జీలుగులోవ అని ఒక ఊరుండేది. ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే ఈ కథ నడవదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

జీలుగులోవలో ఇంటింటికీ చూరు కింద ఒక కుండ వేలాడేది. కుండలో తేనెటీగలు. అమ్ముకోవడానికి కాదు, ఉత్త సరదాకి. చుట్టం వస్తే గరిటెడు తేనె, పిల్లలకి దగ్గొస్తే చెంచాడు తేనె, అంతే. కానీ గుమ్మడి పాదుల మీద, బీర పాదుల మీద వాలి పిందె నిలబెట్టేవి ఆ ఈగలే. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నంతకాలం దేన్ని పట్టించుకుంటాం గనక!

ఊరి చివర ఎర్నమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కొండ మీద అడ్డాకులు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో విస్తళ్లు కుట్టేది. ఏ ఇంట పెళ్లయినా ఊరంతా ఆమె కుట్టిన విస్తట్లోనే తినేది. ఆమెను మాత్రం చివరి బంతిలో పిలిచేవాళ్లు, అదీ గుర్తుంటే.

ఎర్నమ్మకీ ఒక కుండ ఉంది, అంచు విరిగిన కుండ. రోజూ పొద్దున్నే దాని మీద అరచెయ్యి ఆనించి అడిగేది.

"ఉన్నావా తల్లీ?"

లోపల ఈగలు "ఊఁ" అనేవి. అప్పుడుగానీ ఆమె గంజి తాగేది కాదు.

ఒక ఏడు వేసవిలో కొండ తగలబడింది. చెట్ల తొర్రల్లో ఉన్న తేనెపట్టులన్నీ బూడిదయ్యాయి. ఇక ఈగలంటే ఊళ్లో కుండల్లో ఉన్నవే. ఆ కార్తీకంలోనే ఊరి పెద్ద పోలినాయుడు కూతురి పెళ్లి చేశాడు. వియ్యాలవారికి తేనెలో నానేసిన గారెలు పెట్టాలని ఆయనకి బుద్ధి పుట్టింది. ఊరంతా కుండలు గోకి గోకి, చివరి చుక్కదాకా పిండి ఇచ్చారు. ఎర్నమ్మ సగమే పిండింది.

"ఇదేటే, ఇంత తక్కువ?" అన్నాడు నాయుడు.

"సగం ఆటికి ఒగ్గీసినాను బావూ. ఆటికీ సలికాలం ఉంది కదా."

నాయుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మాఘం వచ్చింది. ఈగల్ని పెంచేవాళ్ల గుండెలు దడదడలాడే మాసం ఇదే. చలి పోదు, పువ్వు రాదు, కుండలో తేనె అడుగంటుతుంది. ఏటా మామిడి పూత ఆదుకునేది. ఆ ఏడు అది కాస్తా మంచుకి మాడిపోయింది. ఇక నిప్పుకి చావని మోదుగే దిక్కు. మోదుగకేమో ఏ తొందరా లేదు.

ఆకలేస్తే ఈగ ఊరుకుంటుందా? నాయుడి చెరుకుతోటలో బెల్లం వండుతున్నారు. ఆ వాసనకి తేనె మిగలని కుండల్లోని ఈగలన్నీ అక్కడికి పోయి, మరిగే పెనంలో పడ్డాయి. పనివాళ్లు చిల్లుల గరిటెతో తీసి అవతల పారేశారు. ఒక్కొక్క ఇంటి కుండా మూగబోయింది.

ఎర్నమ్మ తన కుండ ఎత్తి చూసింది. బరువే లేదు. వదిలిన సగమూ అయిపోవచ్చింది.

"ఉన్నావా తల్లీ?"

చాలాసేపటికి, సన్నగా, "ఊఁ" అంది కుండ.

పండక్కని దాచుకున్న బెల్లం తీసింది. కాస్త నీళ్లలో కరిగించి, మూకుట్లో పోసి కుండ ముందు పెట్టింది. ఈగలు ఆత్రంగా దిగాయి. దిగినవి దిగినట్టే మునిగిపోయాయి. ఆ మూకుడు ముందు కూర్చుని ఎర్నమ్మ చంటిపిల్లలా ఏడ్చింది.

రెండోసారి ఆ నీళ్లలో గుడ్డ తడిపి గోడ మీద పరిచింది. ఊళ్లో చీమలన్నీ పెళ్లికొచ్చినట్టు వచ్చాయి. ఆ రోజంతా చీమల్ని దులపడంతోనే సరిపోయింది.

మూడోసారి ఏం చెయ్యాలో తోచలేదు. విస్తళ్లు ముందేసుకుని కూర్చుంది. చేతిలో పుల్ల జారి పక్కనున్న నీళ్ల దొప్పలో పడింది. పడి తేలింది. దాహానికొచ్చిన ఈగ ఒకటి ఆ పుల్ల మీద వాలి, తెప్ప మీద కూర్చున్నంత దర్జాగా నీళ్లు తాగి, ఎగిరిపోయింది.

"ఓలమ్మా! ఇన్నాళ్లూ నా సేతిలోనే ఉందే!" అంది ఎర్నమ్మ.

అడ్డాకు దొప్పలో బెల్లం నీళ్లు పోసి, పైన పుల్లలు పరిచింది. పొద్దువాలి ఈగలన్నీ ఇల్లు చేరాక దొప్పని కుండ లోపలే పెట్టింది. కుండ మూతిని మట్టితో మూసి, ఒక్క ఈగ దూరేంత సందు వదిలింది. చీమలు దిగకుండా తాడుకి వేపనూనె పట్టించింది. ఒక్క ఈగా మునగలేదు. కడుపు నిండిన ఈగ నాయుడి పెనం వైపు చూడనూ లేదు.

అంతా బాగానే ఉంది గానీ బెల్లం అయిపోయింది. మోదుగ ఇంకా మొగ్గలోనే ఉంది. ఎర్నమ్మ విస్తళ్ల కట్ట నెత్తిన పెట్టుకుని వాటికి బదులు బెల్లం అడగడానికి బయల్దేరింది.

పక్కింటి గవరమ్మని అడిగింది. "ఈగలకి ఎవులైనా బెల్లం పెడతారేటప్పా? పిచ్చిగానీ పట్టిందా?" అంది గవరమ్మ.

కుమ్మరి సన్యాసిని అడిగింది. "నా కుండలో ఈగలన్నీ సచ్చిపోనాయి. నీయి బతికితే నాకేటి?" అన్నాడు సన్యాసి.

నాయుడి దగ్గరికే వెళ్లింది. "బెల్లం ఇయ్యకపోతే పోనీ. పెనం కడిగిన నీళ్లయినా పొయ్యండి బావూ."

"ఆ నీళ్లా? అయి మా గేదెలు తాగీ నీళ్లు. ఆటి పక్కన నిలబడి నువ్వూ పట్టుకెళ్లు!" అన్నాడు నాయుడు. పనివాళ్లంతా ఘొల్లుమన్నారు.

నవ్వితే నవ్వారు. ఎర్నమ్మ నిజంగానే గేదెల పక్కన నిలబడి పట్టుకెళ్లింది. రోజూ మోసింది, వడగట్టింది, తీపి చిక్కబడేదాకా కాచింది, దొప్పలో పోసి పుల్లలు పరిచింది. రోజూ పొద్దున్నే అడిగింది, "ఉన్నావా తల్లీ?" రోజూ కుండ "ఊఁ" అంది.

ఒకనాడు లేచేసరికి కొండంతా ఎర్రగా ఉంది. మోదుగ పూసింది! ఎర్నమ్మ పరుగున పోయి కుండ మీద చెయ్యేసింది. "ఉన్నావా తల్లీ?"

"ఊఁ!" అంది కుండ. ఆ మోతకి పక్కింట్లో గవరమ్మ ఉలిక్కిపడింది.

అప్పుడు తెలిసొచ్చింది ఊరికి. ఎర్నమ్మ పాదునిండా గుమ్మడి పిందెలు. ఒక్క కుండ ఈగలు ఊరంతటికీ ఏం చాలతాయి, మిగతా ఇళ్లలో పువ్వు పూసినట్టే పూసి రాలిపోతోంది. నాయుడు తలపాగా చేతిలో పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"ఎర్నమ్మా, మా పాదుకి ఒక్క పిందీ నిలబడ్నేదు. నీ ఈగలు..." అంటూ తలపాగా నలిపాడు.

నేనైతే ఆ గేదెల మాట ఎత్తి నాలుగు దులిపేదాన్ని. ఎర్నమ్మ ఎత్తలేదు. "కుండ కడిగి, ఎండబెట్టి, లోపల మైనం రాసి ఉంచండి బావూ" అంది.

ఈగల పద్ధతి మనకి రాదు. కొత్త రాణి ఈగ పుట్టే వేళకి, పాత రాణి కట్టిన ఇల్లు దానికి వదిలేసి, సగం మందితో బయటికి పోతుంది. ఏ అత్తగారైనా చేసే పనేనా అది! అలా ఎర్నమ్మ కుండలోంచి మొదటి గుంపు వచ్చి చింతకొమ్మకి గుత్తిగా వేలాడింది. ఆమె చేటలోకి దులిపి గవరమ్మకిచ్చింది. రెండో గుంపు సన్యాసికిచ్చింది. మూడో గుంపు వచ్చిన రోజు ఊరంతా డప్పులతో వచ్చింది. చేట పట్టుకుని ఎర్నమ్మ ముందు, డప్పులు వెనక. నాయుడి కుండలో ఈగల్ని దించి, చెయ్యి దులుపుకుని అంది, "సగమే తియ్యాలి బావూ. సగం ఆటిది."

"సగం ఆటిది" అన్నాడు నాయుడు, ఊరంతా వినేలా.

ఆ రోజు విందులో ఎర్నమ్మని మొదటి బంతిలో, మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. ఆమె కుట్టిన విస్తరే. నాయుడే వడ్డించాడు. ఆమె కడుపునిండా తింది, మారడిగి మరీ తింది.

కొన్నేళ్లకి ఇంటింటి కుండా మళ్లీ నిండింది. ఒక పుష్యమాసంలో, పండు ముసలిదై, ఎర్నమ్మ పోయింది. వెనకే మాఘం వచ్చింది. చలి పోలేదు, పువ్వు రాలేదు. ఊరికి గుండె దడ పట్టుకుంది. ఇప్పుడు అడిగేదెవరు? నాయుడు కర్ర పోటేసుకుంటూ ఆ అంచు విరిగిన కుండ దగ్గరికి వెళ్లాడు. చెయ్యి దానికి ఆనించాడు. పేరు పెట్టి పిలిచాడు.

"ఉన్నావా ఎర్నమ్మా?"

"ఊఁ" అంది కుండ. ఆ పెద్దమనిషి అందరి ముందూ ఏడ్చేశాడు.

అప్పటినుంచీ జీలుగులోవలో ఏ పెళ్లయినా మొదటి విస్తరి ఎర్నమ్మదే. పట్టులో వదిలేసే సగాన్ని ఎర్నమ్మ వాటా అంటారు. మాఘం రాగానే దొప్పల్లో బెల్లం నీళ్లు పోసి, పుల్లలు పరిచి, పొద్దువాలాక కుండలో పెడతారు. తెల్లారి చిన్నాపెద్దా కుండ చుట్టూ చేరి, చెయ్యి ఆనించి అడుగుతారు, "ఉన్నావా ఎర్నమ్మా?"

కుండ ఏమంటుందో మీకు తెలుసు. అందరూ ఒక్కసారి గట్టిగా అనండి.