నక్క వీపు మీద డిప్ప

పొద్దుటి మంచు విడిచేదాకా ఆ రెల్లు అడవిలో ఏది నేలో ఏది గోదారో తెలియదు. పట్నం పారేసిన పాత కంప్యూటర్లు ఏరి తెచ్చుకుని జంతువులు అక్కడ సుఖంగానే ఉన్నాయి. వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గిజిగాళ్ళు అల్లాయి. పేరు వెన్నెల. కొనక్కర్లేదు, ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగు చేయొచ్చు.

కొత్త అప్‌డేట్‌ను ముందుగా ఇష్టమున్నవాళ్ళు తమ కంప్యూటర్‌లో వేసి చూసి, ఏం చేశారో, ఏం జరిగిందో రాయాలి. చిత్తుప్రతులు కూడా దాచుకోకూడదు. అది అక్కడి ఆచారం. అందరికన్నా ముందు రాసి మెప్పు కొట్టేసేది మాత్రం ప్రతిసారీ నక్క చలమయ్యే.

తాబేలు మంగతాయారుకు మెప్పు అక్కర్లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, ఇసుకలో పెట్టిన గుడ్లు కలలోకొచ్చేవి. వరదకు ముందు ఎగువనున్న కొంగ తన కంప్యూటర్ నుంచి కబురు పంపితేనే ఆ గుడ్లు మిట్టకెక్కుతాయి. కొంగ దగ్గరున్న ఆ వరద కాపలా కంప్యూటర్ మీద ప్రయోగాలు చేయకూడదు. అచ్చం అలాంటిది ఇంకొకటి నక్క దగ్గరే ఉంది. అందుకే నక్క రాసే ప్రతి ముక్కా మంగతాయారు చదివేది. కిందటిసారి చదువుతుంటే తన మాటలే తనకు వినబడ్డాయి. ఈసారి తన చిత్తులో కావాలనే ఒక వాక్యం కలిపింది.

సభలో గిజిగాళ్ళ పెద్ద పేరయ్య నక్క రాసింది చదివాడు. "మూత వేసి తీశాను, మేలుకుంది. పాట పెట్టాను, పాడింది. నా డిప్ప మీద పెట్టుకుని రేవంతా తిరిగాను, తెర అదరలేదు."

"బాగా పరీక్షించావు నాయనా," అంది మంగతాయారు. "నీకు డిప్ప ఎప్పుడు మొలిచింది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నక్క వీపు తడుముకుంది. "అది మాటవరసకి రాశానత్తా. నిండుగా ఉంటుందని."

"సరేలే. మూత ఒక్కసారి వేసి తీసి చూపించు."

"ఇప్పుడా? మబ్బుగా ఉంది. రేపు చూద్దాం."

"నాకేం తొందర? ఇక్కడే కూర్చుంటా."

కూర్చుంది. మంచు కరిగింది, మబ్బు కదిలిపోయింది, మధ్యాహ్నపుటెండ రెల్లుపూల మీద కునుకు తీసింది. మంగతాయారు కదల్లేదు. విసిగి విసిగి నక్క కంప్యూటర్ తెచ్చి, అప్పటికప్పుడు అప్‌డేట్ వేసి, మూత వేసి తీసింది. మంగతాయారు కంప్యూటర్‌లో మేలుకున్న తెర ఇక్కడ నల్లగానే ఉంది. మీటలన్నీ నొక్కింది, బతిమాలింది. పడుకున్న కంప్యూటర్ లేవలేదు.

"నేను చేపల వేటకెళ్ళేటప్పుడు రోజూ మూతేసే వెళ్తాను," అంది ఎగువ నుంచి సభకొచ్చిన కొంగ మెల్లగా.

మంగతాయారుకు ఇసుకలోని గుడ్లు గుర్తొచ్చాయి. ఈ అప్‌డేట్ కొంగ దాకా వెళ్ళుంటే వరద కబురు ఆ నల్లటి తెరలోనే ఉండిపోయేది.

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు ఇన్నాళ్ళూ నీ మాట నమ్మాం," అన్నాడు పేరయ్య. "తప్పు మాదీను."

అప్‌డేట్ ఆపేశారు. గిజిగాళ్ళు మూడు రోజులు నక్క కంప్యూటర్ ముందే కూర్చుని, మూత వేస్తూ తీస్తూ, తెర మేలుకునేదాకా అల్లిక సరిచేశాయి. ఆ తర్వాతే అది కొంగకు వెళ్ళింది.

వారం తిరక్కుండా ఒక తెల్లవారుజామున కొంగ కబురు పంపింది. నీళ్ళింకా దూరంలో ఉండగానే కుందేళ్ళు, ఉడతలు, నీటిపిల్లులు వరసకట్టి గుడ్లను ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ మిట్టకు చేరవేశాయి. మంగతాయారుకు ఇదీ కలేమోననిపించింది.

నక్క కూడా వచ్చి రెండు చేతులూ చాచింది. "నాకూ ఒకటివ్వత్తా, జాగ్రత్తగా దింపుతాను."

మంగతాయారు ఒక్క క్షణం దానికేసి చూసి, గుడ్డును పక్కనున్న ఉడతకిచ్చింది. "నువ్వు దింపానంటే, దింపావో లేదో నేను మళ్ళీ వెళ్ళి చూసుకోవాలి నాయనా. అంత వ్యవధి లేదు."

నీతి: చూడకుండా చెప్పిన 'బాగుంది' కన్నా, చూసి చెప్పిన 'బాగాలేదు' మేలు.