ఎవరికి తోడు

గుంతకల్లు దర్జీ ఓబులేసు థర్మాకోలుతో చేసుకున్న మొదటి విమానం గాలిలో ఉండగానే రిమోటు మాట వినడం మానేసింది. నేరుగా వచ్చి, ఊరవతల బయల్లో మేకలు కాసుకుంటున్న నాగక్క పక్కన ముక్కు గుచ్చుకుని పడింది. రెండడుగులు ఇటు పడి ఉంటే ఆమె తల పగిలేది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మేకల్ని తోలుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ బయలుకు రాలేదు.

ఆ విమానంలో ఒకటే బ్యాటరీ. మోటారును తిప్పేదీ అదే, రిమోటు మాట వినే రిసీవరుకు కరెంటు ఇచ్చేదీ అదే. పైన ఆ కరెంటు ఆగింది.

ఓబులేసుకు ఈ విద్య నేర్పిన మస్తానయ్య రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైనవాడు. తాను చూడకుండా ఇంకొకటి ఎగరేయొద్దని మాత్రం చెప్పాడు.

ఓబులేసు ఎనిమిది నెలలు కూర్చుని రెండోది చేశాడు. ఈసారి రిసీవరు కోసం చిన్న బ్యాటరీ కూడా పెట్టాడు. పెద్దదాని తీగలూ చిన్నదాని తీగలూ ఒక చిన్న సర్క్యూట్ బిళ్ళలోకి వస్తాయి. ఒక దారి ఆగితే ఆ బిళ్ళ రెండో దారిన కరెంటు అందుకుంటుంది. చిన్నదాని మీద తెల్ల కాగితం అంటించి ‘తోడు’ అని రాశాడు.

ఆదివారం పొద్దున బయల్లో, విమానం ముక్కుకున్న ఫ్యాను విప్పి పక్కన పెట్టి, విమానాన్ని గురువు ముందుంచాడు. పెద్ద బ్యాటరీ ప్లగ్గు పీకేసి రిమోటు కదిపాడు. తోక రెక్క చక్కగా ఆడింది.

“ఇది చచ్చినా అది బతికే ఉంటుంది సామీ” అన్నాడు.

మస్తానయ్య వంగి, తీగల వెంట వేలు పోనిచ్చాడు. “టేపు చక్కగా చుట్టావు. దర్జీ చెయ్యి కదా.”

ఓబులేసు మురిసిపోయాడు.

“ఇది ఎవరికి తోడు?” అని అడిగాడు గురువు, చిన్నదాన్ని చూపించి.

“పెద్దదానికి సామీ.”

మస్తానయ్య పెద్దదాని ప్లగ్గు మళ్లీ పెట్టాడు. చిన్నదాని ప్లగ్గు పీకాడు. ఇప్పుడు కదపమన్నాడు.

తోక రెక్క కదల్లేదు.

ఓబులేసు మీటరు పెట్టి చూశాడు. పెద్దది నిండుగా ఉంది. చిన్నది తగిలిస్తే రెక్క ఆడుతోంది, తీస్తే ఆగిపోతోంది. ఇదీ మంచిదే, అదీ మంచిదే. మరి తోడు వెళ్లిపోతే అసలుది ఎందుకు మూగబోవాలి? ఈ సంగతి మొదట విన్నప్పుడు నాకూ తల తిరిగింది, అతన్ని అని లాభం లేదు. బిళ్ళను అనుమానించాడు. రిసీవరును అనుమానించాడు. చివరికి గురువునే అనుమానించాడు.

“మీరేమన్నా చేశారా సామీ?”

“నువ్వొక ప్లగ్గు తీశావు. నేనొకటి తీశాను” అని మస్తానయ్య స్కూటరు నీడలో కూర్చుని ఫ్లాస్కులో టీ వంచుకున్నాడు.

ఓబులేసు మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్క తీగా పట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. నున్నగా, ముడత లేకుండా చుట్టిన టేపు.

చిన్న బ్యాటరీ కొన్నప్పుడు కొట్టువాడు ఒక మాట చెప్పాడు. రిసీవరుకు వేరే బ్యాటరీ పెడితే పెద్దదాని వైపు నుంచి దానికి వచ్చే ఎర్ర తీగ తెంచేయాలి, రెండు కరెంట్లు కలవకూడదు అని. ఆ రోజే తెంచి టేపు చుట్టాడు. బిళ్ళ కొన్నది ఆ తరువాతి నెలలో; అప్పుడు ఆ తీగ మళ్లీ కలపాలని తోచలేదు.

టేపు విప్పాడు. ఎర్ర తీగ కొసలు రెండు, ఎడంగా ఉన్నాయి. పెద్దదాని కరెంటు బిళ్ళదాకా రావడమే లేదు. ‘తోడు’ అని రాసిన కాగితం వైపు చూసి తల దించుకున్నాడు.

తన దుకాణానికి వెళ్లి, తీగ అతికించి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. పెద్దది పీకాడు, రెక్క ఆడింది. అది పెట్టి చిన్నది పీకాడు, రెక్క ఆడింది. మస్తానయ్య ఫ్యాను తీసి అతని చేతిలో పెట్టాడు.

నాగక్క కూర్చునే చోటు ఖాళీగానే ఉంది. ఇద్దరూ ఒకసారి అటు చూశారు.

ఫ్యాను బిగిస్తూ ఓబులేసు ఉండబట్టలేక అడిగాడు. “పొద్దున చూడగానే మీకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా సామీ.”

“చెప్పాను” అన్నాడు మస్తానయ్య. “టేపు చక్కగా చుట్టావన్నాను.”