గడసరి నేర్పిన మూడు జవాబులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో రేగుపొదల చాటున ఒక నక్కల గుంపు. ఆ గుంపులో గడసరి అనే నక్క ఉండేది. పేరుకు తగ్గదే. పులిని మాటల్లో పెట్టి దాని ముందున్న మాంసం ముక్క లాగేసేది. ఎలుగుబంటిని పొగిడి పొగిడి తేనెపట్టు దింపించుకునేది. ఆ అడవిలో గడసరి టోపీ పెట్టని జంతువు లేదంటే నమ్మండి.

ఆ గడసరికి ఒక్కగానొక్క కూతురు. ఒళ్ళంతా పండిన రేగుపండు రంగు. అందుకే రేగి అని పేరు పెట్టుకుంది. పిల్ల ఎంతో ముద్దుగా ఉండేది. కానీ పిల్లలూ, రేగి తీరు మిగతా నక్కపిల్లల తీరులా ఉండేది కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఎవరైనా "ఏం కావాలమ్మా?" అని అడిగితే తనూ "ఏం కావాలమ్మా?" అనేది, అచ్చం వాళ్ళ గొంతుతోనే. రేగుగింజ ఒకటి తీసుకుని బండ మీద వేసి, అది దొర్లే చప్పుడు వినేది. మళ్ళీ వేసేది, మళ్ళీ వినేది. పొద్దంతా అదే ఆట. సాయంత్రం కాగానే గుంపంతా ఒకచోట చేరి ఊళ వేయడం నక్కల ఆచారం కదా! ఆ ఊళ మొదలైతే చాలు, రేగి చెవులు మూసుకుని నేల మీద పడి పొర్లి పొర్లి ఏడ్చేది.

"మన వంశంలో అందరికీ మాటలు ఆలస్యమేలే కోడలా," అంది అత్తగారు.

"గారాబం ఎక్కువైంది వదినా," అంది ఆడపడుచు.

"దిష్టి తగిలింది, తీసెయ్యి," అన్నాడు గుంపుకు పెద్ద అయిన నక్కతాత.

గడసరి దిష్టి తీసింది. గారాబం మానింది. మాటల కోసం ఎదురు చూసింది. ఏమీ మారలేదు. ఇక ఉండబట్టలేక పిల్లను గుడ్లగూబ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చాలాసేపు రేగి ఆటను చూస్తూ కూర్చుంది.

"గడసరీ, నీ పిల్లకి ఇది జబ్బు కాదు," అంది చివరికి. "తను వినేది, చూసేది, నేర్చుకునేది వేరే తీరు. ఊళ్ళో మనుషులు దీన్ని ఆటిజం అంటారు. భయపడకు. అలాగని వాయిదా వేస్తూ కూర్చోకు. తనకు అర్థమయ్యేలా నేర్పితే నేర్చుకుంటుంది. వాగు ఒడ్డున అలుగమ్మ బడి ఉంది. మాటలు రాని పిల్లలకి, చప్పుళ్ళకి బెదిరే పిల్లలకి ఓపిగ్గా నేర్పుతుంది. అక్కడ చేర్చు."

గడసరి తల ఊపింది కానీ మనసు ఒప్పుకోలేదు. ఒళ్ళంతా పొలుసులతో, ఎవరైనా గట్టిగా దగ్గితే ముడుచుకుపోయే ఆ అలుగు దగ్గరికా తన కూతురు వెళ్ళేది? అడవంతా ఏమనుకుంటుంది?

అందుకని ముందు కుందేలు పంతులమ్మ బడికి వెళ్ళింది. డాక్టరమ్మ చెప్పినదంతా దాచకుండా చెప్పింది. కుందేలు చెవులు రెండూ వాలిపోయాయి.

"మాకైతే అభ్యంతరం లేదమ్మా. మిగతా పిల్లల తల్లులు ఒప్పుకోవద్దూ?" అంటూ మెల్లగా తలుపు వేసేసింది.

గడసరికి తల కొట్టేసినట్టయింది. దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చింది. ఇల్లు చేరేసరికి కళ్ళు తుడుచుకుంది. "నిజం చెప్పబట్టే కదా తలుపు వేశారు! ఇక ఎవ్వరికీ చెప్పను. నా తెలివి నా పిల్లకి కాకపోతే ఇంకెవరికి?" అనుకుంది.

అడవిలో అందరికంటే పేరున్న బడి చిలకమ్మ టీచరుది. అక్కడ చేర్చుకునే ముందు పిల్లల్ని మూడు ప్రశ్నలు అడుగుతారు. గడసరి ఆ మూడు జవాబులూ రేగికి వల్లె వేయించింది. తను తోక నేలకు తాటిస్తే ఒక జవాబు, మళ్ళీ తాటిస్తే ఇంకో జవాబు. రేగి విన్నది విన్నట్టు చెప్పగలదు కదా, ఇట్టే పట్టేసింది.

చిలకమ్మ బడికి దారి వాగు ఒడ్డు మీదుగానే. అక్కడ ఒక బండ అంచు నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. ఆ చప్పుడు వినగానే రేగి ఆగిపోయి కిలకిలా నవ్వింది. ఆ బండ కిందే అలుగమ్మ పిల్లలతో ఆడుతోంది. గడసరి గబగబా కూతుర్ని లాక్కుని పోయింది.

"నీ పేరేంటి తల్లీ?" అని అడిగింది చిలకమ్మ టీచరు. గడసరి తోక తాటించింది.

"నా పేరు రేగి."

"ఏం తింటావు?"

"నేను రేగుపళ్ళు తింటాను."

"బడికి ఎందుకొచ్చావు?"

"నాకు బడి అంటే ఎంతో ఇష్టం."

"అబ్బ! ఎంత ముద్దుగా అప్పజెప్పిందో!" అని చిలకమ్మ మురిసిపోయి అక్కడికక్కడే చేర్చుకుంది. గడసరి ఈ విజయాన్ని గుంపులో అందరికీ చెప్పుకుని మురిసింది.

మర్నాడు రేగిని బడిలో దింపి వచ్చింది. కాసేపటికి వడ్రంగిపిట్ట బోలు మాను మీద టకటకమని గంట కొట్టింది. పిల్లలంతా ఒక్కసారిగా గొంతెత్తి పాఠం అందుకున్నారు. రేగి చెవులు మూసుకుని కెవ్వుమంది. పాపం, చిలకమ్మకు ఏమీ అర్థం కాలేదు. దగ్గరికి వచ్చి ఇంకా గట్టిగా, "ఏమైందమ్మా? ఏం కావాలి? చెప్పు!" అని అరిచింది. రేగికి తన దగ్గరున్న మాటలు మూడే.

"నా పేరు రేగి! నేను రేగుపళ్ళు తింటాను! నాకు బడి అంటే ఎంతో ఇష్టం!" అని ఏడుస్తూ అడవిలోకి పరుగు తీసింది.

చిలకమ్మ రొప్పుతూ ఎగిరొచ్చి సంగతి చెప్పింది. గడసరి చటుక్కున లేచింది. వాగు దాటితే చిరుతపులులు తిరిగే చోటు!

"భయపడకు కోడలా, గుంపంతా కదులుదాం. ఊళ వేస్తూ వెతుకుదాం. పిల్ల తప్పిపోతే మనవాళ్ళు చేసేది అదే కదా!" అన్నాడు నక్కతాత. ముక్కు పైకెత్తి మొదలుపెట్టాడు. గుంపంతా అందుకుంది. అడవి దద్దరిల్లింది.

ఒక్కో ఊళకీ రేగి ఇంకాస్త దూరం పరుగెడుతుందని గడసరికి తెలుసు. ఆపమని చెప్పాలి. ఆపమంటే ఎందుకని అడుగుతారు. నిన్న చెప్పుకున్న గొప్పలు, చిలకమ్మ ముందు ఆడిన నాటకం, అన్నీ బయటపడతాయి. తన పరువు పోతుంది.

అయినా సరే, గడసరి నక్కతాతకు అడ్డంగా దూకింది.

"ఆపండి! దయచేసి ఎవ్వరూ అరవకండి! పెద్ద చప్పుడైతే నా బిడ్డ తట్టుకోలేదు. మీ గొంతు వింటే ఇంకా దూరం పారిపోతుంది. నా బిడ్డకి మాటలు రావు. నిన్న చెప్పినవన్నీ నేను వల్లె వేయించినవే. టీచరమ్మా, నేను మిమ్మల్ని మోసం చేశాను," అంటూ భోరుమంది.

గుంపు గప్‌చుప్ అయిపోయింది. నక్కలు ఊళ మధ్యలో ఆపడం ఆ అడవిలో అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దంలో వాగు వైపు నుంచి చిన్న గొంతు వినిపించింది. "నా పేరు రేగి... నేను రేగుపళ్ళు తింటాను..."

అందరూ అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళారు. నీళ్ళు కారే బండ కింద రేగి ఉండలా చుట్టుకుని పడుకుంది. దాని పక్కనే ఇంకో ఉండ. ఆ ఉండ మెల్లగా విప్పుకుని తల బయటపెట్టింది. అలుగమ్మ!

"అమ్మో, ఏం ఊళలమ్మా మీవి! నేను భయంతో ముడుచుకుపోయాను. కళ్ళు తెరిచి చూస్తే పక్కన ఇది కూడా ముడుచుకుని ఉంది," అంది గుసగుసగా. "ఎలాంటి పిల్ల ఇది?"

గడసరికి పాత అలవాటు ఎక్కడికి పోతుంది! "బంగారు తల్లి, దీనికి అన్నీ..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకుంది. ఆ తర్వాత అంతా చెప్పింది. పిలిస్తే తిరగదని, విన్నమాటే తిరిగి అంటుందని, నీటిబొట్ల చప్పుడంటే ప్రాణమని.

"ఇవన్నీ ముందే చెప్పి ఉంటే ఆ గంటను దూరంగా పెట్టించేదాన్ని కదమ్మా," అంది చిలకమ్మ కళ్ళనీళ్ళతో.

ఆ రోజు నుంచి రేగి అలుగమ్మ బడికి వెళ్ళింది. అలుగమ్మ ఆకుదొన్నెలో నీళ్ళు ముందు పెట్టేది. కావాలంటే దగ్గరికి లాక్కోవాలి. అక్కర్లేకపోతే తోసెయ్యాలి. రేగి తోసిన ప్రతిసారీ అలుగమ్మ మెత్తగా "వద్దు" అనేది. కొన్ని రోజులు రేగి బాగా ఆడేది. కొన్ని రోజులు నేర్చుకున్నది కూడా మర్చిపోయినట్టుండేది. నిజానికి ఆ బడిలో అన్నిటికంటే మొండి విద్యార్థి గడసరి. "చెప్పమ్మా, చెప్పు" అంటూ తోక తాటించేది.

"ఆ తోక కదపకు తల్లీ, పిల్లను ఆలోచించుకోనీ," అని అలుగమ్మ కోప్పడేది.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. రేగుపొదలు మళ్ళీ పూశాయి. వడ్రంగిపిట్ట దూరంగా ఉన్న చెట్టుకు మారింది కాబట్టి, రేగి అప్పుడప్పుడూ చిలకమ్మ బడికి కూడా వెళ్ళి కాసేపు కూర్చునేది.

ఒక సాయంత్రం గుంపంతా చేరింది. నక్కతాత ఎప్పటిలాగే ముక్కు పైకెత్తాడు. రేగి లేచి మెల్లగా నడుచుకుంటూ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. ముందుకాలు చాపి ఆయన ముక్కును కిందికి తోసింది.

"వద్దు," అంది.

ఎవరూ వల్లె వేయించలేదు. ఎవరూ తోక తాటించలేదు. నక్కతాత తెరిచిన నోరు మూసేశాడు. "నువ్వు వద్దంటే వద్దేనమ్మా, నువ్వు దూరం వెళ్ళాకే వేస్తాం," అన్నాడు.

రేగి తాపీగా నడిచి వాగు ఒడ్డున నీళ్ళు కారే బండ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తను అక్కడికి చేరేదాకా గుంపంతా ఆగింది. ఆ తర్వాతే ఊళ మొదలైంది. ఆ రోజు గడసరి మాత్రం ఊళ వేయలేకపోయింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి.

నీతి: పిల్లల తీరును దాచిపెడితే వాళ్ళకు సాయం అందదు, నిజం చెప్పి, సమయానికి సరైన చోట చేర్చి, ఓపిక పడితే వాళ్ళ మాట వాళ్ళకు దొరుకుతుంది.