బస్సు లైన్లో పెళ్ళికొడుకులు

"మాస్టారూ, బస్సులకని రాసిన వేళ దాటిపోయాక బస్సు లైన్లో కారు పోనివ్వొచ్చా, కూడదా?" అని పైడిరాజు అడిగాడు.

ప్రతి గురువారం సాయంత్రం గ్రంథాలయం మేడ మీద పరబ్రహ్మం మాస్టారు మాకు వేదాంతం చెబుతారు. వేదాంతంలో ఇలాంటి ప్రశ్నకు చోటు లేదని మీరనవచ్చు. కానీ పైడిరాజు ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, కొత్తగా కారు కొన్నాడు. మా ఊరి పెద్ద రోడ్డుకు ఎడమ అంచున పసుపు గీత గీసి, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆ లైను బస్సులకే అని బోర్డు పెట్టారు. తక్కిన వేళల్లో ఎవరైనా పోవచ్చునని ఆ బోర్డు మీదే ఉంది. పైడిరాజు మిట్టమధ్యాహ్నం పూట కూడా ఆ గీత దాటలేడు. దాటితే దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకుంటుంది. దాటకపోతే వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిడతారు.

ఆ ప్రశ్న వినగానే మాలో కుర్రవాళ్ళకు రక్తం ఉడికింది. అరవై మంది వేలాడుతున్న బస్సును ఆపి, ఒక్క మనిషి చల్లగా కూర్చున్న కారును ముందు పంపడమే ఈ దేశపు రోడ్ల మీద ఇంతకాలం చెల్లుబాటైన ప్రజాస్వామ్యం. దున్నేవాడిదే భూమి అయినప్పుడు ఎక్కేవాడిదే రోడ్డు. ఇన్నాళ్ళకు సామాన్యుడికి దక్కిన ఒక్క పసుపు గీత అది. గడియారం చూసి వదులుకునే హక్కు అసలు హక్కే కాదు.

"కూడదు. ముమ్మాటికీ కూడదు" అన్నాను నేను.

"బోర్డు మీద పోవచ్చనే ఉంది కదండీ" అన్నాడు పైడిరాజు.

"బోర్డులు రాయించేదెవరు? కార్లున్నవాళ్ళు!"

"రాయించినోడు ఎవుడో నాకు తెలీదు గానీ, రాసినోడు మా వీధిలోనే ఉంటాడు బాబూ. ఆడికి సైకిలు కూడా లేదు."

అందరూ నవ్వారు. మేము నవ్వలేదు. ఎవరి చేత రాయించారన్నది కాదు, ఎవరి కోసం రాయించారన్నది ప్రశ్న అని మావాడొకడు లేచాడు. మాస్టారు చెయ్యి ఊపి కూర్చోమన్నారు. వాదం వేడెక్కితే ఆయన ఏ పక్కా మాట్లాడరు. ఎవరిదో పెళ్ళి గురించో, ఎవరిదో చావు గురించో చెప్పడం మొదలుపెడతారు. ఆ రోజు పెళ్ళి వచ్చింది.

సన్యాసిరావు అని మాస్టారి పాత శిష్యుడొకడున్నాడు. పేరు సన్యాసి గానీ, అతనంత పెళ్ళి ఆత్రం ఉన్న మనిషిని ఆయన చూడలేదట. నాగరత్నం అనే నర్సును ప్రేమించాడు. ఆమె తండ్రి ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఒప్పుకున్నవాడు కూడా ఒక షరతు పెట్టాడు. మూఢం రాకముందు ఆఖరి ముహూర్తం పెళ్ళినాటి మధ్యాహ్నం పన్నెండు లోపుంది. అది తప్పితే మూడు నెలల దాకా ముహూర్తాలు లేవు. "ఈ ముహూర్తానికి పీటల మీద కూర్చుంటే అల్లుడు. లేకపోతే నేను మళ్ళీ ఆలోచించుకుంటాను" అన్నాడాయన. ఆయన మళ్ళీ ఆలోచించుకుంటే ఏమవుతుందో సన్యాసిరావుకు బాగా తెలుసు. ఇంతకుముందు ఆలోచించుకున్నప్పుడల్లా వద్దనే అనుకున్నాడు.

పెళ్ళికొడుకు కారు పూలు కట్టుకుని బయల్దేరింది. ముందు సీట్లో అతని మేనమామ గౌరునాయుడు, ఒళ్ళో తాళిబొట్టు పెట్టె. వెనక సన్యాసిరావు, అతని పక్కన మాస్టారు. గౌరునాయుడు పంచాంగం చూడకుండా గడ్డం కూడా గీసుకోడు. పెద్ద రోడ్డు ఎక్కేసరికి వాహనాలన్నీ ఒకదాని వెనక ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎడమ పక్క బస్సు లైను మాత్రం వాకిలి ఊడ్చి ముగ్గు కోసం వదిలేసినట్టు ఖాళీగా ఉంది. బోర్డు చదవని లారీలూ ఆటోలూ జరిమానా భయంతో దాని జోలికి పోవడం లేదు.

"మావయ్యా, పదకొండు దాటింది. ఇప్పుడా లైన్లో ఎవరైనా పోవచ్చు. బోర్డు చూడు" అన్నాడు సన్యాసిరావు.

"బోర్డు చూశాను. పంచాంగమూ చూశాను. పదకొండున్నర దాకా వర్జ్యం ఉంది."

"మనం ఇంటి దగ్గర వర్జ్యం రాకముందే బయల్దేరాం కదా!"

"ఆ బయల్దేరింది ఈ దారిలో. అది వేరే దారి. వర్జ్యంలో కొత్త దారి తొక్కితే అది కొత్త ప్రయాణం."

"ఒక్క బారెడు పక్కకి జరగడం కొత్త ప్రయాణమా?"

"పెళ్ళంటే మరేటిరా? ఒక్క బారెడు పక్కకి జరగడమే" అన్నాడు గౌరునాయుడు.

సన్యాసిరావు మాస్టారి వైపు చూశాడు. వేదాంతం తెలిసిన మనిషి కదా, ఒక్క మాట సాయం చేస్తారేమోనని. మాస్టారు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. ముందు కారుకూ పూలున్నాయి. వెనక కారుకూ పూలున్నాయి. కుడి పక్క కార్లో ఒక పెళ్ళికొడుకు అరటిపండు తింటున్నాడు. అంతకు ముందున్న వ్యానులో ఇంకొక పెళ్ళికొడుకు విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఆఖరి ముహూర్తం కదా, ఊరు ఊరంతా ఆ పూటే పెళ్ళి చేసుకుంటోంది. ప్రతి కార్లోనూ ముందు సీట్లో ఒక పెద్దాయన మణికట్టు మీద గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

అంతలో సన్యాసిరావు ఫోను మోగింది. నాగరత్నం.

"ఎక్కడున్నావ్?"

"రోడ్డు మీద. దారి ఖాళీగానే ఉంది."

"ఖాళీగా ఉంటే రావేటి?"

"వర్జ్యం."

"జీలకర్రా బెల్లం నూరి తమలపాకులో పెట్టారు, ఎండిపోతోంది. నాన్న కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయనలా తిరిగాడంటే ఆలోచించుకుంటున్నాడని అర్థం" అని పెట్టేసింది.

ఇక్కడ నేను ఆగలేకపోయాను. "చూశారా! ఒకడి మూఢనమ్మకం, ఇంకొకడి కారు, రెండూ కలిసి ప్రజల దారిని..." అని లేచాను. మాస్టారు నా వంక చూసి, "ప్రజలు ఇంకా రాలేదు నాయనా. వస్తున్నారు" అన్నారు. కూర్చున్నాను.

వర్జ్యం దాటింది. గౌరునాయుడు గడియారం మీంచి తలెత్తి, దేవుడికి దణ్ణం పెట్టి, "ఊఁ, పోనీ!" అన్నాడు. ఆ మాటే, ఆ క్షణమే, రోడ్డు మీదున్న ప్రతి పూలకారులోనూ ముందు సీటు పెద్దాయన అన్నాడు. అందరూ ఒక్క పంచాంగమే చూశారు మరి. ఆ పూట పెళ్ళికి బయల్దేరిన కార్లన్నీ ఒక్కసారిగా ఎడమకు తిరిగాయి. ఒక్క కారు పట్టే లైన్లోకి రెండేసి కార్లు మూతులు దూర్చాయి. ఒకరి బంతిపూల దండ ఇంకొకరి అద్దానికి చిక్కుకుంది. ముందెక్కడో రెండు కార్లు రాసుకున్నాయి. రెండు పెళ్ళిళ్ళ మేనమామలూ దిగి చొక్కాలు పట్టుకున్నారు. వెనక్కి రావడానికి చోటు లేదు. ముందుకు పోవడానికి అంతకంటే లేదు.

"నీ మూలానే! నీకు తొందరేటి?" అని ఒకడు అరుస్తున్నాడు.

"నీకూ నాకూ ఒకటే ముహూర్తం కదరా, నాకు తొందరైతే నీకు కాదా?" అని ఇంకొకడు.

ఈ గొడవలో ఎవరూ గమనించని సంగతి ఒకటి జరిగింది. పెళ్ళికార్లన్నీ ఎడమకు పోయేసరికి తక్కిన రోడ్డు విడివడింది. లారీలు, ఆటోలు, స్కూటర్లు మెల్లగా కదిలి పోయాయి. కాసేపటికి అక్కడ ఏమీ లేదు. ఆ లేనిచోట, వెనక నుంచి, ఏ తొందరా లేకుండా ఒక సిటీ బస్సు వచ్చింది. దానికి వర్జ్యం లేదు. ఆ వేళకు దానికి లైనూ లేదు. మామూలు రోడ్డు మీద మామూలుగా వస్తోంది.

ఆ బస్సు కిటికీలోంచి ఒక పిలక బయటకు వచ్చింది. నాగరత్నం పెళ్ళి చేయించాల్సిన పురోహితుడు చయనులు గారు. ఆయన్ని తీసుకురావాల్సిన కారు ఇదే రోడ్డు మీద ఎక్కడో ఇరుక్కుంది.

"ఓయ్ సన్యాసీ! పెళ్ళి అక్కడ పెట్టుకుని ఇక్కడ కూర్చున్నావేమయ్యా?"

సన్యాసిరావు తలుపు తీశాడు. తలుపు సగమే వచ్చింది. ఆ సగంలోంచే పట్టుపంచె పట్టుకుని బయటకు జారాడు. గౌరునాయుడు గావుకేక పెట్టాడు. "మధ్యలో వాహనం మారకూడదురా! పెళ్ళికొడుకు నేల మీద కాలు పెట్టకూడదు!"

"నాయుడు గారూ, వర్జ్యం దాటిపోయింది కదా, ఇప్పుడు ఏ ప్రయాణమైనా కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు" అన్నారు చయనులు గారు కిటికీలోంచి. గౌరునాయుడు పంచాంగం తీసేలోపు మాస్టారు కూడా అవతలి తలుపులోంచి దిగిపోయారు.

బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కానీ నుదుటికి బాసికం కట్టుకున్నవాడు చెయ్యెత్తితే ఆపని డ్రైవరు మన ఊళ్ళో లేడు. కండక్టరు ఒక నడివయసు ఆవిడ. సన్యాసిరావు మెట్టెక్కి అక్కడే నిలబడిపోతే, "పెళ్ళికొడుకైతే ఏటి, ముందుకి జరుగు! వెనక ఇంకా వస్తున్నారు" అంది.

నిజమే. వెనక ఇంకా వస్తున్నారు. ఒక్కడు దిగి బస్సెక్కడం చూసి, అరటిపండు పెళ్ళికొడుకు దిగాడు. విసనకర్ర పెళ్ళికొడుకు దిగాడు. తలపాగాలు చంకలో పెట్టుకుని, పంచెలు పైకెత్తి, కార్ల సందుల్లోంచి పెళ్ళికొడుకులు పరిగెత్తుకుంటూ వచ్చారు. అంతకుముందు ఎక్కిన కూరగాయల బుట్టల ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక సర్దుకుని కూర్చున్నారు. కడ్డీలు పట్టుకుని వరసగా పెళ్ళికొడుకులు ఊగుతున్నారు. ఒకడి బాసికం ఇంకొకడి చెవికి తగులుతోంది.

కండక్టరు అందర్నీ ఒకసారి పరికించింది. "ఎవరెవరు ఏ కల్యాణ మండపమో ముందే చెప్పండి బాబూ. గాబరాలో ఒకరి మండపంలో ఒకరు దిగిపోతే తరవాత నన్నడక్కండి."

బుట్టల ఆడవాళ్ళలో ఒకామె సన్యాసిరావును పైనుంచి కిందకు చూసి, "ఈ బాబుని ఎవులైనా పారేసుకున్నా నష్టం లేదు గానీ, ఆ అరటిపండు బాబు బాగున్నాడు. మా ఊరి దాకా టిక్కెట్టు కొట్టండి" అంది. బస్సంతా నవ్వింది. అరటిపండు పెళ్ళికొడుకు నవ్వలేక, ఏడవలేక రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు.

ఆ బస్సు ఎక్కడా ఆగకుండా పోలేదు. ప్రతి స్టాపులోనూ ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, ఒక్కొక్క మండపం దగ్గర ఒక్కొక్క పెళ్ళికొడుకు దూకాడు. అలా ఆగుతూ ఆగుతూ పోయినా నాగరత్నం వాళ్ళ మండపానికి పన్నెండు కాకముందే చేరింది. ఆమె తండ్రి గుమ్మంలో నిలబడి ఆలోచించుకుంటున్నాడు. ఎదురుగా సిటీ బస్సులోంచి అల్లుడూ, పురోహితుడూ, అల్లుడి గురువూ ఒకరి వెనక ఒకరు దిగడం చూసి ఆలోచన మరిచిపోయాడు. చయనులు గారు పరుగులోనే మంత్రం ఎత్తుకున్నారు. జీలకర్రా బెల్లం సరిగ్గా వేళకు తల మీదికి చేరింది.

తాళి ఏదని ఎవరో అడిగారు. తాళి గౌరునాయుడి ఒళ్ళో, గౌరునాయుడు కార్లో, కారు బస్సు లైన్లో ఉన్నాయి. ముహూర్తం జీలకర్రా బెల్లానిదే గనక పెళ్ళి నిలిచింది. అందరూ మేనమామ కోసం ఎదురుచూస్తూ భోజనాలు కానిచ్చారు. ఆయన వచ్చేసరికి పులిహోర అయిపోయింది. వచ్చీరాగానే ఆయన అన్న మొదటి మాట, "లైను మాత్రం చాలా ఖాళీగా ఉందయ్యా, మనం అందులో దూరేదాకా" అని.

మాస్టారు ఇక్కడ ఆపేశారు. పైడిరాజు కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతున్నాడు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఇంకేం కావాలి? మేడల్లోవాళ్ళు కార్లలో ఇరుక్కుపోతే సామాన్యుడి వాహనమే వాళ్ళ పెళ్ళిళ్ళు చేసింది. చరిత్ర చక్రాన్ని వెనక్కి తిప్పగలిగేవాడు ఎవడు?

"అంటే బస్సు లైను ఎల్లవేళలా బస్సుదేనని తేలిపోయింది కదండీ మాస్టారూ!" అన్నాను.

"బస్సు ఆ లైన్లో రాలేదు కదా నాయనా" అన్నారాయన.

పైడిరాజుకు ఈ తర్కాలతో పని లేదు. మర్నాడు పొద్దున్నే ఆ రోడ్డు మీద కారు నడపాల్సినవాడు.

"అదంతా బాగుంది గానీ మాస్టారూ, నాకు ఒక్క ముక్కలో చెప్పండి. వేళ దాటాక ఆ లైన్లో కారు పోవచ్చా, పోకూడదా?"

మాస్టారు పుస్తకం మూసి, కండువా భుజాన వేసుకుని లేచారు.

"పోవచ్చు పైడిరాజూ, నిక్షేపంగా పోవచ్చు. పోవచ్చని తెలిసినవాళ్ళందరూ ఆ రోజు అక్కడే ఉన్నారు."