ఉద్ధరిణెడు పానకం

మా గురువుగారు కోదండయోగిగారికి ఒక అలవాటు ఉండేది తల్లీ. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. అందుకే మఠంలో బద్ధకస్తులెవరికీ సందేహాలు వచ్చేవి కావు. నవ్వండి, నవ్వండి. ఆయనా నవ్వేవారు.

ఒక ఏడు శ్రీరామనవమి దగ్గరపడుతుండగా శిష్యుడు పరాంకుశంగారు భార్య చూడామణమ్మతో వచ్చారు. సైన్సు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. షుగరు వచ్చి చాలాకాలమైంది. చక్కెర మానేసి, దాని బదులు వేసుకునే తీపి బిళ్ళలు పట్టారు. అవి మేలని ఒక పేపరు రాస్తుంది, కీడని ఇంకో పేపరు రాస్తుంది. మాస్టారు మేలన్నదాన్నే నమ్మి, బిళ్ళలు వేసి పాయసాలూ కేసరీలూ గిన్నెలకొద్దీ చేయించుకుంటున్నారు. ఆవిడ వద్దంటున్నారు. మాటా మాటా పెరిగి ఆ ఇంట్లో ఇద్దరి భోజనాలూ వేరువేరు వేళలకు మారిపోయాయి.

"స్వామీ, అసలు చక్కెరే లేనప్పుడు ఎంత తింటే ఏం? ఈవిడకి మీరైనా చెప్పండి" అన్నారు మాస్టారు.

గురువుగారు చెప్పలేదు. నవమి పానకం ఈసారి మీ ఇద్దరిదే అన్నారు. ఆవిడ బెల్లంతో, ఆయన బిళ్ళలతో, ఎవరి బిందె వారిది.

నైవేద్యం స్వామికి చూపకముందు నాలిక మీద వేసుకోకూడదు, మీకు తెలిసిందే. అలవాటున్న చేతులు పానకాన్ని కంటితోనే పోల్చుకుంటాయి. బెల్లం చాలిందని రంగే చెబుతుంది. బిళ్ళలకు రంగేదమ్మా? మాస్టారు వేశారు, కలిపారు, వంగి చూశారు. మిరియాల నీళ్ళు మిరియాల నీళ్ళలాగే ఉన్నాయి. చాల్లేదేమోనని ఇంకాసిని వేశారు. రాముడి దగ్గర పిసినారితనమేమిటని చివరికి డబ్బా బోర్లించారు.

హారతి అయింది. గురువుగారు ఆ పానకం చెంబునిండా ముంచి మాస్టారి చేతికే ఇచ్చారు. "దీనికి లెక్క లేదన్నావుగా నాయనా, కానియ్యి." ఒక్క గుక్క పడింది. గొంతు పట్టేసే తీపి, దాని వెనకాలే చేదు. ప్రసాదమాయె, ఉమ్మడానికి లేదు. ఆయన ముఖం చూసి ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

బెల్లం పానకాన్ని మాత్రం గురువుగారు ఉద్ధరిణెతో, అదే, తీర్థమిచ్చే చిన్న చెంచాతో, వరసగా పోస్తూ వచ్చారు. చూడామణమ్మ అరచెయ్యి చాపి పట్టుకున్నారు, కళ్ళకద్దుకున్నారు, పక్కావిడ అరచేతిలోకి వంచేశారు. గురువుగారి చెయ్యి ఆగింది. నీకేం వచ్చిందమ్మా అని అడిగారు.

"నాకేం లేదండి. ఈయనకి షుగరని తెలిసిన నాడే తీపి మానేశాను. ఈయన చూస్తుండగా తినబుద్ధి కాలేదు. తర్వాత చాటుగానూ కాలేదు."

మాస్టారు చెంబు కింద పెట్టారు. నాకెప్పుడూ చెప్పలేదే అన్నారు, మెల్లగా.

"మీరు డబ్బా మీది అక్షరాలు చదువుకుంటున్నారు కదా" అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు. అదే ఆయనకు తగిలింది.

ఆయన అరచెయ్యి చాపారు. గురువుగారు ఒక్క ఉద్ధరిణెడు బెల్లం పానకం పోశారు. ఆయన తాగలేదు. భార్య వైపు తిరిగి, ముందు నువ్వు అన్నట్టు చెయ్యి వంచారు. ఇంతమందిలో ఏమిటండీ అంటూనే ఆవిడ దోసిలి పట్టారు. సగం ఆవిడ, సగం ఆయన. వెనక నవ్వుతున్నవాళ్ళు నవ్వడం మానేశారు.

ఎంతైనా మాస్టారు కదా, అడిగిన ప్రశ్న వదలరు. వెళ్ళబోతూ, "మరి బిళ్ళల సంగతి, స్వామీ?" అన్నారు.

గురువుగారు ఉద్ధరిణె పంచెకొంగుతో తుడుచుకుంటున్నారు.

"అది మీ డాక్టరుగారిని అడుగు నాయనా. నాకు తెలిసింది ఈ ఉద్ధరిణెడే."