నలభయ్యో ఏటి విందు

ఒకానొక రాజ్యాన్ని చండకేతు మహారాజు ఏలేవాడు. యుద్ధమంటే జంకు లేదు గాని, తన రాజ్యం ముక్కలైపోతుందేమోనని ఆయనకు తగని బెంగ. ఆ బెంగ మీదే ఆస్థాన పండితుడు ఘటికాశర్మ హాయిగా బతికేవాడు.

"పట్టాభిషేకం జరిగిన రోజున ఏటేటా విందు చేయండి ప్రభూ. అతిథుల్ని ఎలా కూర్చోబెట్టినా సమానమైన పంక్తులు కుదరకూడదు. ఆ సంఖ్య విడిపోకుంటే రాజ్యమూ విడిపోదు" అన్నాడు శర్మ. ఎంతమందిని పిలవాలో సూత్రమూ చెప్పాడు: ఎన్నో ఏడైతే ఆ అంకెను దాని తర్వాతి అంకెతో గుణించి, నలభైఒకటి కలపాలి.

మొదటి ఏడు నలభైమూడు మంది, రెండో ఏడు నలభైఏడు. అలా ముప్పైతొమ్మిదేళ్లు సూత్రం తప్పలేదు. శర్మ టెక్కు కూడా ఏటేటా పెరిగింది. నలభయ్యో ఏడు ఆ సూత్రాన్ని కోటగుమ్మం మీద చెక్కించమన్నాడు. శంకించినవాడికి దేశబహిష్కారమని చాటింపూ వేయించాడు.

మొదటి నుంచీ ఆ విందులకు విస్తళ్లు వేయించేవాడు ఎరకయ్య. ఈసారి పదహారువందల ఎనభైఒక్క విస్తళ్లనగానే, పంక్తికి ఎన్నని వేళ్లు మడుచుకుంటూ కిసుక్కున నవ్వాడు. అది శర్మ కంటబడింది. తిన్నగా రాజుగారి ముందుకు లాక్కుపోయాడు.

"ఈ ఏడు సమానంగానే కూర్చోబెడతాను ప్రభూ" అన్నాడు ఎరకయ్య.

"లేకపోతే?" అన్నాడు రాజు.

"పిల్లాజెల్లాతో పొలిమేర దాటిపోతాను."

అనేశాడు గాని, అరవయ్యేళ్ల వయసులో ఇల్లూవాకిలీ వదలాలంటే మాటలా? ఆ రాత్రి లెక్కను మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాడు.

విందు నాడు నలభైఒక్క పంక్తులు పడ్డాయి. పంక్తికి నలభైఒక్క మంది. చివరి పంక్తిలోనూ వెలితి లేదు.

శర్మ మూడుసార్లు లెక్కపెట్టి, "ఇది కనికట్టు" అన్నాడు.

"కనికట్టేం లేదు స్వామీ. నలభైని నలభైఒకటితో గుణించారు, నలభై పంక్తులయ్యాయి. తమరు పైన కలిపిన నలభైఒక్క మంది ఇంకో పంక్తి. లెక్క తమరిదే, నేను విస్తళ్లు వేయించానంతే."

"ముప్పైతొమ్మిదేళ్లు నిజమైంది కదా" అని నసిగాడు శర్మ.

"ముప్పైతొమ్మిది రోజులు పాలు విరగలేదని నలభయ్యో రోజు కాచడం మానేస్తామా స్వామీ?"

రాజు ముఖం పాలిపోయింది. "అయితే నా రాజ్యం నలభైఒక్క ముక్కలవుతుందా?"

"అంతదాకా ఎందుకు ప్రభూ? తమ బావమరుదులు నలుగురూ నాలుగు దిక్కులా సొంత కోటలు కట్టుకుని, సొంత సైన్యాలు పెట్టుకున్నారు. ఇన్నేళ్లూ తమరు విస్తళ్లు లెక్కపెట్టిస్తూ కూర్చున్నారు."

మొదటి పంక్తిలో కూర్చున్న బావమరుదుల చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. రాజు పగలబడి నవ్వాడు. చేతి కంకణం తీసి ఎరకయ్యకు తొడిగాడు. ఎంగిలి విస్తళ్లన్నీ ఎత్తి లెక్క చెప్పమని శర్మకు పురమాయించాడు.

ఆపైన సేనాపతిని దగ్గరికి పిలిచి నెమ్మదిగా అన్నాడు: "కోట తలుపులు మూయించు. మా బావమరుదులు కొన్నాళ్లు ఇక్కడే భోంచేస్తారు."