తల వంచిన నాచు

ఒకప్పుడు నాచు మోకాలెత్తు మొక్క. ఇప్పటిలా నేలకి అతుక్కుని ఉండేది కాదు. పైగా ఒట్టి వసపిట్ట. పొద్దున లేస్తే కబుర్లే కబుర్లు.

జపాన్‌లో ఒక కొండమీద అడవిలో పాత షింటో గుడి ఉండేది. అక్కడివాళ్లు దేవుణ్ణి కామి అంటారు. ఆ గుడి వాకిట్లో మొలిచింది మన నాచు. దాని కబుర్లన్నీ కామితోనే. కామి ఎవరికీ కనపడడు. అయినా నాచు ఏం చెప్పినా ఊఁ కొట్టేవాడు. ఊఁ కొట్టేవాళ్లుంటే ఇంకేం కావాలి చెప్పండి?

ఆ గుడికి ఒక ఆచారం ఉంది. ఇరవై ఏళ్లకోసారి చెట్ల అవతల పక్క స్థలంలో కొత్త గుడి కట్టి, కామిని అందులోకి తీసుకెళ్తారు. పాతది విప్పేస్తారు. నాచుకి ఈ సంగతి తెలీదు. కిందటిసారి అది పుట్టనేలేదు మరి.

ఒక సాయంత్రం తెల్లబట్టలు కట్టుకుని పూజారులు వచ్చారు. "కామి బయల్దేరుతున్నారు. అందరూ తలలు వంచండి, ఎవరూ చూడకూడదు" అన్నారు.

నాచు బుద్ధిగా వంగింది. అడుగుల చప్పుడు దాటిపోయింది. ఇక లేవమని ఎవరైనా చెబుతారేమోనని రోజుల తరబడి అలాగే ఉంది. మొక్కకెవరు చెబుతారు?

చివరికి తలెత్తి చూస్తే గుడి లేదు. ఖాళీ నేల, మొనదేలిన రాళ్లు. "కామీ" అని పిలిచింది. ఊఁ వినపడలేదు. దాని ప్రాణం ఉసూరుమంది. వెళ్లి వెతుకుదామంటే దానికి కాళ్లా ఏమన్నానా!

కొన్నాళ్లకి ఫుమి అనే ముసలమ్మ గుడి చూడ్డానికి వచ్చింది. చెప్పులు విడిచి ఆ ఖాళీ నేలమీద నడిచింది. రాయి గుచ్చుకుని పాదం చిట్లింది.

"అవ్వా, మా కామి ఎటు వెళ్లాడు?" అంది నాచు.

"పక్కకేనే తల్లీ. ఇరవై ఏళ్లు అక్కడ, ఇరవై ఏళ్లు ఇక్కడ. మా ముత్తాతల ముత్తాతల నాటినుంచీ ఇంతే. నా పెళ్లైన ఏడు ఇక్కడే దణ్ణం పెట్టుకున్నాను."

"మళ్లీ వస్తాడా?"

"వస్తాడు. అప్పటికి నేనుండను." ఫుమి కాసేపు ఆ ఖాళీ నేలకేసి చూసింది. "నువ్వుంటావు కదా. ఆ రోజు ఈ ఫుమి బదులు కూడా ఒక దణ్ణం పెట్టవూ?"

నాచు సరేనంది. కానీ కామి ఏ పూట వస్తాడో! తను తలెత్తిన ఆ క్షణమే వచ్చేస్తే? అందుకని అప్పుడే వంగిపోయింది. ఫుమి పాదంలా కామి పాదం చిట్లకూడదని రాళ్లన్నిటిమీదా పరుచుకుంది. కబుర్లు మానేసి, కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసింది.

ఇరవై ఏళ్లకి కామి వచ్చాడు. కాలికింద మెత్తగా తగిలింది. "ఎవరది?"

"నేనే. ఈ దణ్ణం మాత్రం ఫుమి అవ్వది."

కామి ఊఁ అన్నాడు.

వచ్చాడే గాని, ఇరవై ఏళ్లకి మళ్లీ వెళ్లాల్సినవాడేగా! ఆ రాకపోకలకి వంగే ఉందామని నాచు ఇక తలెత్తలేదు.

అప్పటినుంచే నాచు నేలబారుగా, రాళ్లమీద మెత్తగా పరుచుకుని ఉంటోంది. చెయ్యి ఆనించి చూడండి, తడి తగులుతుంది. కామి అటు వెళ్లినప్పుడల్లా అది ఏడుస్తుంది.